టీషర్ట్ పోటీకి పంపిన సిరిమాను బొమ్మ ఎందుకు వెనక్కి వచ్చింది?

ప్రశ్న: మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. డిగ్రీ చదువుతూ బొమ్మలు వేస్తుంటాను. ఒక ఆన్‌లైన్ టీషర్ట్ డిజైన్ పోటీకి, విజయనగరం పైడితల్లి పండగలో పూజారిని పొడవాటి మాను కొసన కూర్చోబెట్టి ఊరేగించే సిరిమానోత్సవం బొమ్మ పంపాను. ఫోన్‌లో గీసి, వాట్సాప్‌లో స్నేహితుడికి పంపి, వాడి కంప్యూటర్‌లో వెనక తెలుపు తీయించి, అక్షరాలు పెట్టించి అప్‌లోడ్ చేశాను. ‘నిబంధనల ప్రకారం లేదు’ అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. వాళ్ల నిబంధనలు: 4500 బై 5400 పిక్సెళ్లు, 300 డీపీఐ, బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ ఫైల్, ఆరు రంగులకు మించకూడదు, సొంత బొమ్మ కావాలి, ముందు ఎక్కడా ప్రచురించి ఉండకూడదు, హక్కులు నిర్వాహకులవి. మళ్లీ పంపడానికి వారం గడువుంది. ఫైల్ జత చేశాను. ఎక్కడ తప్పాను?

సమాధానం:

తమ్ముడూ, ఫైల్ తెరిచి చూశాను. గీత బాగుంది. మాను కొసన పూజారి, కింద తెల్ల ఏనుగు, పక్కన బెస్తవారి వల, వెనక కోట బురుజు. పండక్కి ఏటా నా కళ్లతో చూసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, మాను వంపు సరిగ్గా పట్టావు. వెనక్కి పంపింది బొమ్మ నచ్చక కాదు. వాళ్లు బొమ్మ దాకా వచ్చి ఉండరు, ఫైల్ దగ్గరే ఆగిపోయి ఉంటారు.

నేను విజయనగరంలో స్క్రీన్ ప్రింటింగ్ చేస్తాను. పెళ్లి కార్డులతో మొదలుపెట్టి, ఎన్నికల జెండాలు, గుడ్డ సంచులు దాటి టీషర్టుల దగ్గర స్థిరపడ్డాను. ఇరవై ఏళ్లు దాటింది. పోటీలకు పంపి ఓడిపోయాను, రెండు మూడు సార్లు గెలిచాను, కాలేజీ ఫెస్టులకు వచ్చిన డిజైన్లు ఏరిపెట్టే పని కూడా చేశాను. నువ్వు రాసిన నిబంధనల్లో చాలావరకు ప్రింటింగ్ బల్ల దగ్గర పుట్టినవే. అక్కడ ఏం జరుగుతుందో తెలిస్తే వాటిని బట్టీ పట్టక్కర్లేదు. చివర ఉన్న హక్కుల మాట మాత్రం వకీలు బల్ల దగ్గర పుట్టింది. అన్నిటికంటే నెమ్మదిగా చదవాల్సింది అదే. నువ్వు దాన్ని అన్నిటికంటే పొట్టిగా రాశావు.

ముందు సైజు సంగతి. 4500 బై 5400 అంటే 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు, అంగుళానికి 300 చుక్కలు. నువ్వు గీసింది 1080 బై 1080 కాన్వాసు మీద, ఇన్‌స్టాగ్రామ్ అలవాటుతో. ఆ 1080 చుక్కల్ని 15 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 72 వస్తాయి. ఫోన్‌లో నున్నగా కనిపించిన గీత గుడ్డ మీదకొచ్చేసరికి మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. మీ స్నేహితుడు ఫైల్ సైజును 4500కి పెంచాడు, డీపీఐ గడిలో 300 అని కూడా కొట్టాడు. మజ్జిగలో నీళ్లు పోస్తే గ్లాసు నిండుతుంది, మజ్జిగ పెరగదు. ఇదీ అంతే. ఫైల్‌ను పెద్దది చేసి చూస్తే అంచులన్నీ మసక మసగ్గా ఉన్నాయి, చూసేవాడికి అర నిమిషంలో తెలిసిపోతుంది.

మధ్యలో వాట్సాప్ ఒకటి. ఫొటోగా పంపితే అది బొమ్మను నొక్కేసి జేపెగ్ చేసి పంపుతుంది. గీతల చుట్టూ ఇసుక చల్లినట్టు గళ్లు గళ్లుగా కనిపిస్తున్నాయే, అవి అక్కడ పుట్టినవే. జేపెగ్‌లో ఖాళీ అనేది ఉండదు, ఖాళీగా వదిలిన చోటంతా ఏదో ఒక రంగుతో నిండిపోతుంది. వాట్సాప్ తప్పనిసరి అయితే డాక్యుమెంట్‌గా పంపాలి, అప్పుడు ఫైల్ ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

మళ్లీ గీయక తప్పదు. కానీ మొదటి నుంచీ కాదు. కొత్త కాన్వాసు 4500 బై 5400తో తెరువు. పాత బొమ్మను పెద్దది చేసి అడుగు లేయరులో లేతగా పెట్టి, దాని మీద ఇంకు గీతలు కొత్తగా లాగు. పెద్ద కాన్వాసు పెట్టగానే ఫోన్ యాప్‌లో లేయర్లు తగ్గిపోతాయి, మెమరీ తక్కువున్న ఫోన్ అయితే మొరాయిస్తుంది కూడా. అలాంటప్పుడు కంప్యూటర్‌లో ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ వేసుకో, ఉచితమే. అందులో వెక్టర్‌గా, అంటే చుక్కలుగా కాకుండా గీతల లెక్కగా గీస్తే ఎంత పెంచినా గీత చెదరదు. మన ఫ్లెక్స్ షాపుల్లో అందరి దగ్గరా ఉండే కోరల్‌డ్రా అయినా సరే. అక్కడ ‘ఒక్క నిమిషంలో ట్రేస్ కొట్టిస్తాం’ అంటారు, ఒప్పుకోకు. చెడిపోయిన ఫైల్‌కి ఆటో ట్రేస్ కొడితే, అంటే గీతల్ని కంప్యూటర్‌నే పోల్చుకొని గీయమంటే, ఏనుగు కన్ను బంగాళాదుంప అవుతుంది.

ఇప్పుడు ఏనుగు దగ్గరికి వద్దాం. అసలు దెబ్బ అక్కడ తగిలింది. వెనక తెలుపు తీసెయ్యమంటే మీ స్నేహితుడు ఒకే రంగును ఒక్క నొక్కుతో ఎంచే టూల్ వాడాడు. దానికి ఏది ఆకాశమో ఏది ఏనుగో ఏం తెలుసు? వెనక తెలుపుతో పాటు ఏనుగు తెలుపునూ పట్టుకుపోయింది. తెల్ల స్క్రీన్ మీద చూస్తే ఏనుగు ఉన్నట్టే ఉంటుంది. ఫైల్ కింద నల్ల లేయరు పెట్టి చూడు, ఏనుగు గీత మాత్రం ఉంటుంది, లోపల ఖాళీ. మెరూన్ టీషర్టు మీద అచ్చేస్తే సిరిమాను ముందు నడిచేది మెరూన్ ఏనుగు.

మాకు తెలుపు ఒక రంగు, ఖాళీ ఇంకో సంగతి. తెలుపుకి ఇంకు డబ్బా ఉంటుంది, ఫ్రేమ్ ఉంటుంది. ఖాళీ అంటే అక్కడ బట్ట రంగు కనిపిస్తుంది. తెల్ల టీషర్టు ఎంచుకుంటే ఏనుగును ఖాళీగా వదిలి బట్టనే తెలుపుగా వాడుకోవచ్చు, ఒక రంగు మిగులుతుంది. ముదురు బట్ట అయితే ఏనుగును నిండు తెలుపుతో నింపాలి. ఏ బట్ట మీద అనేది బొమ్మ వేయకముందే తేల్చుకోవాలి. నువ్వు దరఖాస్తులో ‘ఏ రంగైనా పర్వాలేదు’ అని రాశావు. అలా రాస్తే నిర్వాహకుడికి మంచితనంగా కనిపించదు, ఆలోచించలేదని తెలుస్తుంది.

ఆరు రంగుల లెక్క కూడా ఇక్కడిదే. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకో ఫ్రేమ్. ఫ్రేముకు సన్నని పాలిస్టర్ జాలీ బిగించి ఉంటుంది. దానికి వెలుతురు తగిలితే గట్టిపడే ఎమల్షన్ పూసి చీకట్లో ఆరబెడతాం. నీ బొమ్మలో పసుపు ఉన్న భాగాల్ని మాత్రం నల్లగా తీసిన పారదర్శక ఫిల్మ్‌ను (పాజిటివ్ అంటాం) దాని మీద పెట్టి లైటు వేస్తాం. నలుపు అడ్డున్న చోట వెలుతురు తగలదు, నీళ్లు కొడితే అక్కడి ఎమల్షన్ కరిగిపోయి జాలీ తెరుచుకుంటుంది. అందులోంచి స్క్వీజీతో, అంటే రబ్బరు అంచున్న పట్టీతో, పసుపు ఇంకు లాగుతాం. తర్వాత కుంకుమ రంగుకి ఇంకో ఫ్రేమ్, నలుపుకి ఇంకోటి. ఆరు రంగులంటే ఆరు ఫ్రేములు, ఒకే బట్ట మీద, ఒకే చోట, వెంట్రుక వాసి తేడా లేకుండా పడాలి. దీన్ని రిజిస్ట్రేషన్ అంటాం. ఏడో రంగు అడిగితే మా ముఖాలు ఎందుకు మాడతాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. చాలా చోట్ల ఆరు తలల మిషనే ఉంటుంది మరి.

రంగులు పక్కపక్కన ఆనేచోట ఒకదాని కిందికి ఇంకోటి కాస్త చొరబడేలా గీయాలి. అచ్చులో బట్ట సాగుతుంది, ఫ్రేమ్ కదులుతుంది, అప్పుడు మధ్యలో సన్నని చీలికలా బట్ట కనిపించకుండా ఈ అతివ్యాప్తి కాపాడుతుంది. చుట్టూ నల్ల అవుట్‌లైన్ ఉంటే దాని కింద దాచెయ్యొచ్చు. మన పాత గోడబొమ్మల్లో లావుపాటి నల్లగీత చూశావు కదా, టీషర్టుకి అంతకంటే నమ్మకమైన గీత లేదు.

నీ బొమ్మలో ఎన్ని రంగులున్నాయని నువ్వు అనుకుంటున్నావో నాకు తెలుసు: పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ, నలుపు, తెలుపు. ఆరు. ఆకాశం సంగతి మరిచిపోయావు. నారింజ నుంచి ఊదాలోకి ఎయిర్‌బ్రష్‌తో జారిపోతోంది, అందులో వందల రంగులున్నాయి. దాన్ని తీసెయ్యి, లేదా హాఫ్‌టోన్ చెయ్యి. పేపర్లో అచ్చయిన ఫొటోను భూతద్దంతో చూస్తే చుక్కలు కనిపిస్తాయి కదా, అదే పద్ధతి. ఒకే నారింజ ఇంకు, పైన లావు చుక్కలు, కిందికి వచ్చేకొద్దీ సన్న చుక్కలు. కన్ను దాన్ని లేత రంగుగా చదువుకుంటుంది, ఫ్రేమ్ మాత్రం ఒకటే. అప్పుడు కూడా నారింజతో ఏడు అవుతాయి కాబట్టి ఏదో ఒకటి పోవాలి. నా సలహా మెరూన్ బట్ట తీసుకొని, కుంకుమ రంగు చోట్ల ఖాళీ వదిలెయ్. ఇంకో చిక్కు ఉంది. ముదురు బట్ట మీద ఏ రంగైనా వెలగాలంటే కింద ముందుగా తెల్ల పూత వెయ్యాలి, అండర్‌బేస్ అంటారు. కొందరు దాన్ని ఒక రంగుగా లెక్కపెడతారు, కొందరు పెట్టరు. నిబంధనల్లో రాయకపోతే ఈమెయిల్ పెట్టి అడుగు. అడిగినందుకు ఎవరూ మార్కులు తగ్గించరు.

‘ఇప్పుడు డీటీఎఫ్ వచ్చింది, ఎన్ని రంగులైనా పడతాయి కదన్నా’ అని మా షాపుకొచ్చే కుర్రాళ్లు అడుగుతారు. నిజమే. బొమ్మను ఫిల్మ్ మీద అచ్చేసి, జిగురు పొడి చల్లి, వేడి ప్రెస్సుతో బట్టకు అంటిస్తారు. పది ముక్కలకి అదే మేలు. వందల ముక్కలు వేసేవాళ్లు ఇంకా స్క్రీనే ఎంచుకుంటారు, ఫ్రేముల ఖర్చు అన్ని ముక్కలకీ పంచుకుపోతుంది కాబట్టి. పైగా డీటీఎఫ్‌కి కూడా సగం పారదర్శకంగా ఉండే మెరుపులు, మసక నీడలు పడవు. వాటి కింద తెల్ల పూత బయటపడి మురికి మరకలా కనిపిస్తుంది. మాను చుట్టూ పెట్టిన ఆ కాంతివలయం తీసెయ్.

వల గురించి. బెస్తవారి వలను పోగు పోగుగా గీశావు, ఓపికకి దండం. కానీ ఒక పిక్సెల్ గీత జాలీలో నిలవదు. కనీసం ఒక పాయింటు మందం ఉండాలి, అంటే 300 డీపీఐలో నాలుగు పిక్సెళ్లు. రంగు మధ్యలో ఖాళీగా వదిలే గీత ఇంకా లావుండాలి, ఇంకు పక్కలకి పాకి దాన్ని పూడ్చేస్తుంది. వల కళ్లు పెద్దవి చేసి పోగులు తగ్గించు. మొత్తం బొమ్మను కాగితం మీద అసలు సైజులో, ముక్కలుగా అయినా సరే, ప్రింటు తీసి గోడకు అంటించి ఆరడుగుల దూరం నుంచి చూడు. అక్కడికి కనిపించని వివరం టీషర్టుకు అనవసరం.

ఎత్తు సంగతి కూడా అప్పుడే తెలుస్తుంది. 18 అంగుళాలు ఇచ్చారు కదా అని మానును చివరిదాకా సాగదీశావు. సాధారణంగా చిన్న సైజుకీ పెద్ద సైజుకీ ఒకే ఫ్రేమ్ వాడతారు. చిన్న సైజు వేసుకున్నవాడికి నీ ఏనుగు కాళ్లు ప్యాంటు బెల్టు దగ్గరికి వస్తాయి.

అక్షరాలు. ‘పైడితల్లి’ అని పెట్టించావు, ఫైల్‌లో ‘ల్లి’ విడిపోయి ‘ల్‌లి’ అయింది. ఫొటోషాప్‌లో టైప్ సెట్టింగుల్లో మన లిపులకు పనికొచ్చే ఇంజన్ ఎంచుకోకపోతే వత్తులు ఇలాగే చెదురుతాయి. మన భాష రాని నిర్వాహకుడు దీన్ని పట్టుకోడు, మనవాళ్లు పట్టుకుంటారు, బతుకంతా ఎగతాళి చేస్తారు. సరిచేశాక అక్షరాల్ని కర్వులుగా, అంటే ఫాంటుతో పనిలేని గీతల ఆకారాలుగా మార్చి పంపు, అవతల ఆ ఫాంటు లేకపోయినా ఫర్వాలేదు. ఫాంటుకీ లైసెన్సు ఉంటుందని గుర్తుంచుకో. ‘వ్యక్తిగత వాడకానికి మాత్రమే’ అని ఉన్నది అమ్మే టీషర్టుకి పనికిరాదు. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలా ఉన్నాయి, స్వేచ్ఛా లైసెన్సుతో, వ్యాపారానికీ వాడుకోవచ్చు. వాటిలో ‘గిడుగు’, ‘గురజాడ’ అని రెండున్నాయి. ఒకాయన మీ జిల్లా పర్వతాలపేటలో పుట్టినాయన, ఇంకొకాయన మా విజయనగరంలో బతికినాయన. ఇంట్లో సరుకు ఉండగా దొంగ ఫాంట్లు ఎందుకు?

‘సొంత బొమ్మ’ అన్నదగ్గర నువ్వు రెండు చోట్ల జారావు. పూజారి ముఖం ఏదో పేపర్ ఫొటో మీద పెట్టి గీసినట్టు తెలిసిపోతోంది. ఆ ఫొటో తీసినవాడికో, ఆ పేపరుకో దాని మీద హక్కుంది, పైగా ఆ ముఖం బతికున్న మనిషిది. ముఖం పోల్చలేనట్టు నీడబొమ్మగా మార్చు, మాను కొసన ఉన్నంత దూరానికి అదే అందంగా ఉంటుంది. రెండోది, అంచు చుట్టూ వేసిన సవర బొమ్మలు. సీతంపేట వైపు ఇళ్ల గోడల మీద సవర గిరిజనులు పూజకోసం వేసే బొమ్మలవి, వాళ్ల దేవుళ్లకి, పెద్దలకి సంబంధించినవి. ఆ శైలి చూసి నేర్చుకోవడం వేరు, ఒకరు వేసిన గోడను ఫొటో తీసి దించెయ్యడం వేరు. వేసినవాళ్లను అడిగి, ఒప్పుకుంటే పేరు రాసి, డబ్బు వస్తే వాటా ఇవ్వగలిగితే పెట్టు. వారంలో అది కుదరదు కాబట్టి ఇప్పటికి తీసెయ్. అంచు లేకపోతే ఒక రంగు తగ్గుతుంది కూడా. ఏఐతో చేసిన భాగాలు ఉంటే చెప్పాలని కొందరు, అసలు వద్దని కొందరు రాస్తున్నారు, ఆ వాక్యం వెతికి చూసుకో. దేవుళ్లు, పార్టీలు ఉన్న బొమ్మలు తీసుకోని పోటీలూ ఉంటాయి. మనకి సిరిమాను ఊరి పండగ, అవతలివాడు దాన్ని మతం గడిలో వేస్తాడేమో ముందే అడుగు.

ఇన్‌స్టాలో పెట్టావా? ‘ప్రచురించకూడదు’ అంటే కొందరికి అదీ ప్రచురణే. పెట్టి ఉంటే తీసేసి, తీశానని వాళ్లకి చెప్పు. దాచిపెట్టి గెలిస్తే తర్వాత పోతుంది.

ఇక హక్కులు. ‘హక్కులు నిర్వాహకులవి’ అని రాశావు. నేను వాళ్ల పేజీ మొత్తం పంపమంటాను, ఎందుకంటే అందులో తేడా అంతా చిన్న మాటల్లో ఉంటుంది. గెలిచిన బొమ్మ మీదా, పంపిన ప్రతి బొమ్మ మీదా? హక్కు పూర్తిగా రాసిచ్చెయ్యడమా, వాడుకోవడానికి అనుమతి ఇవ్వడమా? టీషర్టుకేనా, కప్పులకీ సంచులకీ ఫోన్ కవర్లకీ కూడానా? ఎన్నేళ్లు?

నేను దుకాణం పెట్టిన కొత్తల్లో ఒక పోటీకి, గుండె మీద కట్టుకున్న గుల్ల వాయిస్తూ ఆడే మన తప్పెటగుళ్లు ఆట బొమ్మ పంపాను. గెలవలేదు. మరుసటి ఏడాది ఒక స్టాల్లో అదే బొమ్మ ఉన్న టీషర్టులు వేలాడుతున్నాయి, గుండె మీద గుల్ల కట్టుకున్న నా మనిషే, రంగు మార్చారంతే. అడిగితే నా సంతకం ఉన్న కాగితమే తీసి చూపించారు: ‘వచ్చిన ఎంట్రీలన్నీ నిర్వాహకుల సొత్తు’. ఒకటి కొనుక్కుని ఇంటికొచ్చాను. ఇంకా ఉంది, గల్లా పెట్టె గుడ్డగా వాడుతున్నాను.

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసిన క్షణం నుంచి హక్కు నీదే, రిజిస్టర్ చేయించకపోయినా. దాన్ని ఇంకొకరికి రాసివ్వాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, నీ సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకని రాయకపోతే అయిదేళ్లని, ఏ ప్రాంతానికని రాయకపోతే భారతదేశం వరకని చట్టం అనుకుంటుంది. అందుకే తెలివైన నిర్వాహకులు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని రాసుకుంటారు. ఆ రెండు మాటలు కనిపిస్తే బహుమతి ఎంతో మళ్లీ చూడు. హక్కు అమ్మేసినా, బొమ్మ వేసింది నేనేనని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద నీతోనే ఉంటుంది. ఇంకొకటి తెలిసి ఉండాలి: డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగిన డిజైన్‌ను నమోదు చేయకుండా, వస్తువు మీద 50 సార్లకు మించి పరిశ్రమ పద్ధతిలో అచ్చేస్తే దాని మీద కాపీరైట్ ఆగిపోతుందని 15వ సెక్షన్. టీషర్టు బొమ్మ దేని కిందికి వస్తుందన్నది వాదనల సంగతి. సొమ్ము పెద్దదైతే వకీలుకి చూపించు, టీషర్టులు అచ్చేసేవాడిని ఆ మాట అడక్కు.

మీది మన దేశంలో పోటీయో బయటదో రాయలేదు. బయటదైతే చట్టం వాళ్లది, గడువు గడియారం కూడా వాళ్లదే. ఈ పోటీలకి పేరు తెచ్చిన త్రెడ్‌లెస్ 2000లో షికాగోలో మొదలైంది, జనం ఓట్లేసి డిజైన్లు ఎంచే పద్ధతితో. అక్కడి అర్ధరాత్రి గడువంటే మనకి మర్నాడు పొద్దున్న పదిన్నర, వాళ్ల చలికాలంలో పదకొండున్నర. ఓట్లేసే పోటీల్లో బొమ్మ మూలన నీ పేరు ఉండకూడదంటారు, అది కూడా తీసెయ్, నువ్వు ఏనుగు కాలి కింద రాసుకున్నావు. పద్దెనిమిది నిండకపోతే అమ్మో నాన్నో సంతకం పెట్టాలి, నువ్వు డిగ్రీ అన్నావు కాబట్టి నిండే ఉంటాయి.

అచ్చు ఫైల్, టీషర్టు మీద ఎలా ఉంటుందో చూపే మాకప్ వేరువేరుగా పంపాలి. నువ్వు మాకప్‌నే అచ్చు ఫైల్ చోట కూడా ఎక్కించావు, తిప్పి పంపడానికి అదొక్కటే చాలు.

ఎక్కించే ముందు అచ్చు ఫైల్ కింద ఒక నల్ల లేయరు, ఒక మెరూన్ లేయరు, ఒక తెల్ల లేయరు మార్చి మార్చి పెట్టు. నల్ల మీదా మెరూన్ మీదా ఏనుగు నిండుగా తెల్లగా ఉండి, తెల్ల మీద గీత నిలబడితే లేయర్లు తీసేసి పంపు. ముందు నాకు పంపితే రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను. డాక్యుమెంట్‌గా.